తొట్టిలో సగం నీళ్లు

చిల్లకూరు దాటి సముద్రం వైపు వెళితే మా రొయ్యపిల్లల హేచరీ వస్తుంది. అందులో తల్లి రొయ్యల గదికి పట్టపగలు కూడా చీకటే. కాస్త వెలుతురు పడినా అవి బెదిరి తొట్టిలోంచి ఎగిరి పడతాయి. అందుకే మందు కలిపే మనిషి లోపలికి వెళ్లగానే బయట గడియ పెడతారు. పని అయ్యాక తలుపు కొడితే తీస్తారు. అంతవరకూ లోపల ఒక ఎర్ర బల్బు, ఉప్పు వాసన, అంతే.

ఆ మధ్యాహ్నం వంతు నాది. కొత్తగా వచ్చిన తల్లులను ముందు ఫార్మలిన్ నీళ్లలో ముంచి తీయాలి. అయిదొందల లీటర్ల తొట్టి, గీత దాకా నీళ్లు. మందు ఘాటు వంద పీపీఎం రావాలంటే యాభై మిల్లీలీటర్లు పోయాలి. నిద్రలో లేపి అడిగినా చెబుతానీ లెక్క. పోశాను, కలిపాను, పరీక్ష కాగితం ముంచాను.

రెండు వందలు చూపించింది.

కాగితం పాడైందేమోనని ఇంకోటి ముంచాను. అదే. నాకు ఒళ్లు మండింది. పోసింది యాభయ్యే కదా! మందు పెరగకుండా ఘాటు రెట్టింపు కావాలంటే నీళ్లు సగమే ఉండాలి. కానీ నీళ్లు గీత దాకా ఉన్నాయి.

మరి మిగతా సగం చోటులో ఉన్నదేమిటి...?

తొట్టి అడుగు కనబడలేదు. మందు ఘాటులోంచి తడి జుట్టు వాసన వచ్చింది. వెనక్కి వెనక్కి నడిచి తలుపు కొట్టాను.

"అన్నా... తలుపు తియ్యి."

"అయిపోయిందా షాహనా?" మా సూపర్‌వైజర్ పెంచలకృష్ణన్న.

"లేదు. లెక్క తేడాగా ఉంది. ముందు తియ్యన్నా, భయమేస్తా ఉంది."

"నువ్వు లెక్క తప్పేదా?" నవ్వాడు. "ఉండు, వస్తా ఉండా."

వెనక నీళ్లు కదిలాయి. తిరిగి చూశాను.

తొట్టిలో నీళ్లు సగానికి దిగిపోయాయి. నేల పొడిగానే ఉంది...

యా అల్లా! రెండు చేతులతో తలుపు బాదాను.

"అరె, ఎప్పుడొచ్చినావు బయటికి?" పెంచలకృష్ణన్న ఎవరితోనో అంటున్నాడు. "ఇట్టా తడిసిపోయినావేంది?"

"అన్నా, నేను లోపలే ఉండా! అన్నా!"

"లోపల ఎవరో కొడతా ఉండారే?"

జవాబు నా గొంతుతోనే వచ్చింది.

"ఎవరూ లేరన్నా. లైటు ఆర్పేసి పోదాం పద."

బల్బు ఆరిపోయింది. అడుగుల చప్పుడు మెల్లగా దూరమైంది...

ఆ అడుగులు ఒక్కరివే.