కళ్లాపి

మూడో వాకిట్లోని ముగ్గును వీరరాఘవులు నీళ్లగొట్టంతో కడిగేశాడు. ఈ వీధిలో ఇంకా పదకొండు వాకిళ్లు చూడాలి. చుక్కల ముగ్గుల జోలికి నిలుపుదల శాఖ పోదు. నాలుగు మూలలూ కలిసి గడి కట్టిందంటే మాత్రం చెరపాల్సిందే. తెల్లగీత గడి కనబడితే చాలు, తనంతట తానే నడిచే బండి దాన్ని సర్కారు నిలుపనుకుని వచ్చి ఆగుతుంది.

"రోజూ నా గుమ్మం కడుగుతున్నావు. ఆ కసువు కూడా ఊడ్చిపోరాదా నాయనా," అంది కోటేశ్వరమ్మ, ముగ్గుడబ్బా చంకన పెట్టుకుని.

"చుక్కల ముగ్గు వేసుకోరాదా పిన్నీ?"

"మా అత్త నేర్పింది పెట్టె ముగ్గు. నీ బళ్ల కోసం అత్తను మార్చుకోమంటావా?"

అతను జవాబు చెప్పేలోపే అక్క శేషారత్నం బండి ఎదురుగా వచ్చి దాటిపోయింది. తమ్ముణ్ణి చూసిపోదామని నిన్న పొద్దున వినుకొండ నుంచి వచ్చిన మనిషి. నరసరావుపేటలో నిలుపులన్నీ నిండిపోయాయి. నిలుపు దొరకని బండి తిరుగుతూనే ఉండాలి, వరసలో నమోదయ్యాక ఊరు దాటకూడదు. గడిలో ఆగితే తప్ప తలుపు తెరుచుకోదు, అద్దం దిగదు. దారే కరెంటు మేత పెడుతుంది కాబట్టి బండికి అలుపు లేదు. వీరరాఘవులు వాకిట్లోనూ ఒక నిలుపుండేది. ఇళ్లలోవి కూడా శాఖ కిందికి వచ్చిన ఏడాది, ఉద్యోగులే ముందు దారి చూపాలంటే రాసిచ్చాడు. శాలువా కప్పారు.

చెవిలోని ఫోనులో అక్క గొంతు పలికింది. "తమ్ముడూ, మీ ఇంటి ముందు నుంచి ఇది నూట నలభయ్యోసారి. మీ ఆవిడ ఆరేసిన చీర ఎండింది, మడత కూడా పెట్టింది."

"వరసలో ఎన్నోదానివక్కాయ్?"

"నాలుగొందల పన్నెండు. నిన్న నాలుగొందల ఆరు."

"వెనక్కెందుకు పోయింది?"

"పెద్దోళ్ల బళ్లు దూరినయ్యంట. షుగరు బిళ్లలు రాత్రే అయిపోయినాయిరా. నీళ్లూ లేవు. కళ్లు మసకేస్తున్నయ్."

"అత్యవసర నిలుపుకు రాశాను. దానికీ వరసుందంట."

"సరేలే. పది నిమిషాల్లో మళ్లీ వస్తా. ఎక్కడికి పోతాను."

వీరరాఘవులు గొట్టం కట్టేశాడు.

"పిన్నీ, ఆ డబ్బా ఇటివ్వు."

"ఇదీ జప్తేనా?"

అతను డబ్బా తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నేల తడిగా ఉంది. పట్టుద్దా?"

కోటేశ్వరమ్మ అతని మొహం చూసింది. వీధి మలుపు వైపు చూసింది. "తడి మీదే పట్టేది. కళ్లాపి నువ్వే చల్లావుగా, కానియ్యి."

పన్నెండేళ్లుగా చెరిపిన చేతికి గీత నిలవలేదు. పాములా వంకర్లు పోయింది. రెండుసార్లు తుడిచి మళ్లీ వేశాడు. బండి మలుపు తిరిగేసరికి ఒక మూల ఇంకా కలవలేదు. కోటేశ్వరమ్మ వంగి చిటికెడు పిండితో ఆ మూల కలిపింది.

బండి నెమ్మదించింది. గడిలోకి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"నమోదు లేని గడి. చెరపండి," అంది అతని మణికట్టుకున్న శాఖ పట్టీ.

శేషారత్నం అంత నీరసంలోనూ, గీత తొక్కకుండా కాలెత్తి అవతల పెట్టింది. కోటేశ్వరమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పక్కింటికి వినబడేలా పిలిచింది. "ఏమే సామ్రాజ్యం, ముగ్గుడబ్బా పట్టుకురా."

వీధి మొదట్లో ఇంకో బండి తిరుగుతోంది. దాని అద్దానికి లోపలినుంచి రెండు అరచేతులు ఆనుకుని ఉన్నాయి.

పట్టీ మళ్లీ "చెరపండి" అంది. వీరరాఘవులు గొట్టం విప్పి, ఇంకా ముగ్గు పడని నాలుగో వాకిలి తడపడం మొదలుపెట్టాడు.