తొమ్మిదో సర్వర్ ఆకలి

అమెరికాలో, షికాగో పక్కన షామ్‌బర్గ్‌లోని ఆ ఆఫీసులో మనవాళ్లు నైట్ డ్యూటీకి భయపడరు. తొమ్మిదో నంబర్ సర్వర్‌కి భయపడతారు.

ఎంత చోటిచ్చినా మింగేస్తుందట. వంద జీబీ ఇస్తే వందా మాయం. దాన్ని చూసుకునే దివాకర్ సెలవులో ఉండగా లక్ష్మీపతి దాని నెత్తిన నిమ్మకాయ పెట్టి చూశాడు. ప్రేమానందం ఫోన్‌లో పాస్టర్‌గారి చేత ప్రార్థన చేయించాడు. సర్వర్ ఆగిపోయింది, ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. దాన్ని లొంగదీసింది దివాకర్ ఒక్కడేనట. ఐదేళ్లు మేపి, కిందటి నెల టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారిపోయాడు — సెలవుకెళ్లినప్పుడల్లా ఇచ్చే అవే మూడు పేజీల కేటీ (పని అప్పగింత) డాక్యుమెంట్ వదిలి.

ఇప్పుడది తేజేశ్వర్ మెడకు చుట్టుకుంది. తెల్లారితే కాంట్రాక్ట్ రెన్యూవల్. అది పోతే వీసా, వీసా పోతే... ఆపైన ఆలోచించే ధైర్యం లేదు.

రాత్రి ఒంటిగంటకు అలారం. డిస్క్ తొంభై తొమ్మిది శాతం నిండింది. ఆరింటికి నాలుగు గిడ్డంగుల లారీలు ఈ సర్వర్ చెబితేనే కదులుతాయి.

సర్వర్ రూమ్‌లో ఒక్కడే. చలి... ఫ్యాన్ల హోరు... తొమ్మిదో డబ్బా మీద ఎండిపోయిన నిమ్మకాయ.

డాక్యుమెంట్ తెరిచాడు. ఒక్కో లైన్ కాపీ, పేస్ట్. అర్థం కాకపోయినా ఎవర్నీ అడగడు — అడిగితే రాదని తెలిసిపోతుందిగా, అది మన ఆచారం. కొత్త డిస్క్ చేర్చాడు. వాల్యూమ్‌లో చోటు వంద జీబీ పెంచాడు. సక్సెస్ అంది.

చూశాడు. తొంభై తొమ్మిది.

మళ్లీ పెంచాడు. తొంభై తొమ్మిది.

"ఎవరు నువ్వు..." అని గొణిగాడు. అడిగినందుకు సిగ్గేసింది. జవాబొస్తుందేమోనని భయమూ వేసింది.

ఎవరెప్పుడు ఏ కమాండ్ కొట్టారో చూపే లాగ్ తెరిచాడు. అందరివీ ఆ మూడు పేజీల లైన్లే. దివాకర్ పేరు దగ్గర మాత్రం చివర్లో ఒకటి ఎక్కువ — డాక్యుమెంట్‌లో లేనిది. పెరిగిన చోటుని ఫైళ్లు వాడుకునేలా ఫైల్‌సిస్టమ్‌కి అప్పగించే లైన్. గదులు అందరూ కట్టారు, తలుపు తీసింది అతనొక్కడే. అదీ ఓరగా... ప్రతిసారీ ఇరవై జీబీ. ప్రతిసారీ తన రెన్యూవల్‌కి వారం ముందు.

దెయ్యం మింగిందంతా అక్కడే ఉంది. తొమ్మిది వందల జీబీ, ఎవరూ ముట్టకుండా.

తేజేశ్వర్‌కి ఒళ్లు మండిపోయింది. ఇద్దరి పొట్టకొట్టిన ద్రోహి అని దివాకర్‌ని నోరారా తిట్టాడు. మొత్తం తెరిచేసి, పొద్దున్నే అందరికీ చెప్పేద్దామని ఆ లైన్ టైప్ చేశాడు. సైజు దగ్గరికొచ్చేసరికి వేళ్లు ఆగాయి... తెల్లారితే తన రెన్యూవల్.

ఇరవై కొట్టాడు. ఎనభై మూడు శాతానికి దిగింది. లారీలు కదిలాయి. రెన్యూవల్ అయింది.

సోమవారం కొత్తగా చేరిన హంసిక, అవే మూడు పేజీలు పట్టుకుని మెల్లగా అడిగింది: "తేజ గారూ, ఆ తొమ్మిదోదాంట్లో నిజంగా ఏమైనా ఉందా?"

తేజేశ్వర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఉందమ్మా. నేను లేనప్పుడు ముట్టుకోకు."