కూలి అడగని చేయి

దొంగలు పడ్డారని డిటెక్టివ్ నసీం ఫహ్మీ దగ్గరకి చాలామంది వచ్చారు. ఎవరో వచ్చి పనిచేసి పోతున్నారని వణికిపోతూ వచ్చినవాడు మాత్రం హాజీ బదావీ ఒక్కడే. దుమ్యాత్ పట్నంలో పెళ్ళి మంచాలు, అద్దాల బీరువాలు చేయించే షావుకారు అతను. ఆ శనివారం పొద్దున్నే జపమాల గిరగిరా తిప్పుతూ డిటెక్టివ్ గారి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉస్తాజ్, నా కార్ఖానాలో ఏదో దూరింది! శుక్రవారం సెలవని తాళం వేసి పోతున్నానా, మర్నాడు చూస్తే సగం చెక్కిన గులాబీలు పూర్తయిపోయి ఉంటున్నాయి. ప్రతి వారం ఇదే వరస."

నసీం సహాయకురాలు జకియాకు నవ్వు ఆగలేదు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు హాజీ గారూ. మీకు అడక్కుండానే పని జరిగిపోతోంది. ఏడుపెందుకు?"

"నీకు నవ్వులాటగానే ఉంటుందమ్మా! రేపు బీమా ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఇంత కొద్దిమందితో ఇంత పనెలా అయింది, ఎవర్ని దాచావురా అంటే నా కొంప మునగదూ?"

భయపడవలసిన మాటే. పనివాళ్ళ సంఖ్య ఒక హద్దు దాటితే పన్నూ, పనివాళ్ళకి కట్టే బీమా వాటా కూడా పెరుగుతాయని హాజీ నిరుడు కార్ఖానా మధ్య ఇటుక గోడ లేపాడు. ఒక సగం తన పేర, రెండో సగం భార్య ఇహ్సాన్ పేర రాయించాడు. పన్నుకి భయపడి సొంత చొక్కాని నిలువునా చింపుకునేవాణ్ణి ఆ ఊళ్ళో తెలివైనవాడంటారు. అంతా చేసినా ఇహ్సాన్ పేర ఉన్న సగంలో ఒక మనిషి ఎక్కువ తేలాడు. ఆ మనిషి ఉస్తా ఖమీస్, చెక్కడం పనిలో మొనగాడు. అతన్ని తీసేశారు.

"ఇది వాడి పనే," అన్నాడు హాజీ. "రోజూ వచ్చి షట్టరు ముందు నిలబడతాడు. నన్ను ఇరికించాలని చూస్తున్నాడు. మీరు ఊఁ అంటే చాలు, పోలీసులకి పట్టిస్తాను."

"తాళం పగిలిందా?"

"లేదు."

"తాళంచెవులెన్ని?"

"ఒకటి నా నడుముకి. ఇంకోటి ఇంట్లో మేకుకి."

నసీం కోటు తగిలించుకున్నాడు.

ఆ వింత జరిగేదంతా గోడకి అవతల, ఇహ్సాన్ పేర ఉన్న సగంలోనే. చెక్కుడు బల్ల ముందు నేల మీద మందపాటి చెక్క పలక ఒకటి పడి ఉంది. శనివారాలు మాత్రమే అది అక్కడ కనిపిస్తుందని, అడ్డంగా ఉందని తామే తీసి పక్కన పెడుతుంటామని పనివాళ్ళు చెప్పారు. కొత్తగా చెక్కిన గులాబీని నసీం వేలితో తడిమి చూశాడు. తక్కినవాళ్ళ గులాబీల రేకులు బయటికి విచ్చుకుని ఉంటే, దీని రేకులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

ఖమీస్ చేపల రేవులో బుట్టలు మోస్తూ దొరికాడు. పందిరి వాసాలు తలకి తగలకుండా వంగి నడిచేటంత పొడగరి. నసీం హాజీ అనుమానం సంగతి చెప్పాడు.

"పని పోయింది చాలక దొంగనీ అయ్యానా? బాగుంది," అన్నాడు బుట్ట దించి.

"షట్టరు ముందు ఎందుకు నిలబడతావయ్యా?"

"వాసన కోసం బాబూ." అతను చేతికంటిన పొలుసులు తుడుచుకున్నాడు. "చెక్క కోస్తుంటే వచ్చే ఆ వాసన లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. ఉలి కలలోకి వస్తోంది."

"అయితే శుక్రవారం దొంగతనంగా వెళ్ళి చెక్కుతున్నావేమో?" అంది జకియా.

"కూలి లేకుండానా? పిల్లల్ని పస్తుపెట్టి గులాబీలు చెక్కడానికి నాకేమన్నా పిచ్చా తల్లీ? నాకు పనీ కావాలి, కూలీ కావాలి. రెండూ కలిసి రాకే కదా ఈ చేపలు!"

ఆ సాయంత్రం హాజీ ఇంట్లో ఇహ్సాన్ టీ, మెషబ్బెక్ మిఠాయి తెచ్చిపెట్టింది. చిన్న ఆకారం, నెమ్మదైన మనిషి. జకియా మిఠాయి మీద పడింది. నసీం మాత్రం గోడనున్న అద్దం చట్రాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"మా నాన్న చెక్కింది," అంది ఇహ్సాన్. "పోయి చాలా కాలమైంది."

మర్నాడు నసీం అందర్నీ కార్ఖానాకి పిలిపించాడు. హాజీ, ఇహ్సాన్, ఖమీస్, పనివాళ్ళు బల్ల చుట్టూ నిలబడ్డారు.

"ఖమీస్ ఈ పలకెక్కి వంగితే నడుం విరుగుతుంది. బల్ల అందనివాళ్ళే దీన్ని వేసుకుంటారు. తాళం పగల్లేదంటే, ఇంట్లో మేకుకున్న తాళంచెవి వచ్చి పోతోందన్నమాట. శుక్రవారం నమాజు కాగానే హాజీ గారు స్నేహితులతో సముద్రం ఒడ్డుకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రాకని పనివాళ్ళన్నారు. ఇక ఈ ముడుచుకున్న రేకులు. ఇలాంటివి హాజీ గారి ఇంట్లో అద్దం చుట్టూ ఉన్నాయి. అవి చెక్కినాయన లేడు. ఆయన చేతి పని మాత్రం ఇంకెవరికో వచ్చు."

అందరి కళ్ళూ ఇహ్సాన్ వైపు తిరిగాయి. ఆమె తల దించుకోలేదు.

"మా నాన్న పక్కన కూచుని నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఆడదానికి ఉలెందుకన్నారు. సరేనన్నాను. నిరుడు సంతకం పెట్టించుకుంటూ, 'ఇక ఈ సగం నీదే' అని ఈయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళు బతికుండి ఏం పోగొట్టుకున్నానో ఆ క్షణం తెలిసింది."

"అది పన్ను కోసం ఊరికే అన్న మాట కదే!" అన్నాడు హాజీ.

"తెలుసు. అయినా ఆశ పడ్డాను."

జకియా కళ్ళు తుడుచుకుంది. తన గురువు గులాబీని చూసి మనిషిని పట్టుకున్నాడని ఆమెకి గర్వంగానూ ఉంది, ఎందుకో దిగులుగానూ ఉంది.

"సరే, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు హాజీ గొంతు సవరించుకుని. "కేసు అయిపోయింది. నువ్వు పోవచ్చు ఖమీస్."

"ఆగు ఉస్తా," అంది ఇహ్సాన్. "రేపట్నుంచి పనిలోకి రా. పాత కూలే ఇస్తాను. బీమా కూడా కడతాను."

"పిచ్చిదానా, ఒక్క మనిషి పెరిగితే హద్దు దాటుతుంది! పన్ను ఎంతవుతుందో..."

"ఈ సగం ఎవరి పేర ఉంది?"

హాజీ నోరు తెరిచి నసీం వైపు చూశాడు. "ఉస్తాజ్, మీరైనా చెప్పండి. చట్టం అంటూ ఒకటుంది కదా."

"ఉంది. ఆవిడ పక్షానే ఉంది హాజీ గారూ. మీరే తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టారు."

ఖమీస్ బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇహ్సాన్ అతని పక్కకి వచ్చి, మొండివి ఏవో పదునైనవి ఏవో చూస్తూ ఉలులు ఏరడం మొదలుపెట్టింది.

"నువ్వూ రోజూ ఇక్కడే ఉంటావా ఏమిటి?" అన్నాడు హాజీ బేలగా. "మరి ఇంట్లో వంట, గిన్నెలు, బట్టలు?"

"మనిషిని పెట్టుకోండి," అంది ఇహ్సాన్ తలెత్తకుండా. "కూలి ఇచ్చి."