కుట్టిన కురులు

మిట్టమధ్యాహ్నం... నీడలు సైతం భయపడి మనుషుల కాళ్ళ కిందికి ముడుచుకుపోయే వేళ!

ఆ మధ్యాహ్నం అసలు నీడలే లేవు. ఎక్కణ్ణుంచి వచ్చాయో, కాటుక కొండల్లాంటి మేఘాలు కమ్ముకొచ్చి సూర్యుణ్ణి మింగేశాయి. వీధి దీపాలు వెలిగాయి. సెలూన్ ఎదురుగా కరెంటు స్తంభం మీద ఒక గుడ్లగూబ వాలి, పట్టపగలు, రోగిష్టి మనిషి మూలిగినట్టు కూసింది. దూరంగా ఉరుము దొర్లింది.

ఆ సెలూన్ పై అంతస్తు గదిలో, దాని యజమానురాలు మేడం తలుపు గడియ పెట్టింది.

వీధి వీధంతా ఆమెను మేడం అనే పిలిచేది. ఒక్క చెల్లెలు మాత్రం అక్కా అనేది. ఆ చెల్లెలు ఇప్పుడు అద్దం ముందు కుర్చీలో ఉంది. మెడ దాకా నల్లగుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ కింద ఆమె చేతులు కుర్చీకి కట్టేసి ఉన్నాయి.

"అక్కా, తల పగిలిపోతోందే. విప్పెయ్యవే."

"అయిపోవచ్చింది. కదలకు."

వంకర సూది మళ్ళీ జడపాయలోకి దిగింది. దారం బిగిసింది. చెల్లెలి కనుబొమలు పైకి లాక్కుపోయాయి. అద్దంలో అది చూస్తున్న మేడం మొహంలో చీమ తలంత జాలి కూడా లేదు. ముప్పై దాటనట్టున్న ఆ మొహం వెనక యాభై దాటిన ప్రాణం ఉందని ఎవరూ అనుకోరు.

ఆ నునుపుదనం ఊరికే రాలేదు. వేడి తువ్వాళ్ళు పెట్టే పెట్టెలో, అట్టడుగు అరలో, తెల్లటి తువ్వాలు కింద ఒక కపాలం ఉండేది! సెలూన్ మూసేశాక మేడం నేల ఊడ్చి, ఆ రోజు రాలిన వెంట్రుకల్లో పడుచువాళ్ళవి ఏరి, కపాలం ముందు కాల్చేది. మర్నాటికి ఆ పడుచులకి ఒళ్ళు వెచ్చబడేది, మొహం వాడేది. వాళ్ళు పోగొట్టుకున్న కళలో చిటికెడు మేడం బుగ్గల మీద తేలేది. కానీ చిటికెడే. రాలిన వెంట్రుకలో ప్రాణమెంత ఉంటుంది? ఈ మధ్య ఆమె కళ్ళ కింద మళ్ళీ ముడతలు పడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే పక్కవీధిలో కొత్త సెలూన్ వెలిసింది. అక్కడ పలచటి జుట్టుకి ఒత్తుగా జుట్టు చేర్చి పంపుతున్నారని వచ్చినవాళ్ళంతా చెప్పుకోవడం మొదలుపెట్టారు. "మీ దగ్గర అది లేదా మేడం?" అని అడగనివాళ్ళు లేరు.

ఇంకొకరైతే గిట్టుబాటు గురించి ఆలోచించేవారు. మేడం బుర్రలో పుట్టిన ఆలోచన వేరు. చచ్చినదాని జుట్టు బతికున్నదాని తలకి చేరిస్తే... ఆ జుట్టులో ఒక ప్రేతాన్ని బంధించి కూర్చోబెడితే... అది రాత్రీపగలూ జలగలా తాగుతుంది. తాగినదంతా తనకి వస్తుంది! జుట్టు చేర్చడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో ప్రేతానికి ఏది నచ్చుతుంది? అది తేల్చుకోవాలి.

శవాగారం కాపలావాణ్ణి మంచి చేసుకుని, అకాలమరణం పాలైన ఒక యువతి జుట్టు సంపాదించింది. పేరు కూడా అడిగి తెలుసుకుంది. పేరు తెలియందే ప్రేతం కట్టుబడదు.

మొదట ఆ జుట్టులో ఒక పాయ తీసి, క్లిప్పులతో రిసెప్షన్ అమ్మాయికి తగిలించి చూసింది. ఆ పిల్ల సాయంత్రం దాకా మురిసిపోయి, ఇంటికెళ్ళేటప్పుడు క్లిప్పులు ఊడదీసి అద్దానికి వేలాడదీసింది. మర్నాడు చెక్కుచెదరకుండా వచ్చింది. రాత్రిళ్ళు విప్పేసేదాంతో ఏం పని?

తర్వాత టేపు. ఒక లెక్చరరమ్మకి అతికించింది. ఆవిడకి ఒక పూట తలనొప్పి వచ్చింది. మేడం గుండె ఆశతో కొట్టుకుంది. ఆవిడ తలనొప్పికి నూనె రాసుకుంది. టేపు జారిపోయింది, ప్రేతమూ జారిపోయింది.

జిగురు కరిగించి అతికిద్దామని వేడి ఇనుము పట్టుకుంటే, నిప్పు సెగ తగలగానే ఆ జుట్టు సుయ్యిమని ఏడ్చింది! ప్రేతం నిప్పుకి నిలవదు. రాగి పూసలు గుచ్చి నొక్కే పద్ధతిలో, రాగిని చూసి అది దగ్గరికే రాలేదు.

మిగిలింది కుట్టు. సొంత జుట్టుని తలకి అంటుకుపోయేలా సన్నటి జడలల్లి, ఆ జడల మీద తెచ్చిన జుట్టుని దారంతో కుట్టేయడం. నిప్పు లేదు, తలలో లోహం మిగలదు. తనంతట తాను విప్పుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ కుట్టు వేసి చూడటానికి మేడం చెల్లెల్ని ఎంచుకుంది.

ఆ చెల్లెలు పెద్ద జబ్బు చేసి లేచింది. జబ్బుతోపాటే జుట్టు ముప్పావు వంతు ఊడి, పలచగా మిగిలింది. మొగుడు వదిలేశాడు. అక్క పంచన చేరి, తువ్వాళ్ళు ఉతుకుతూ, ఎవరూ చూడకుండా తలకి గుడ్డ చుట్టుకుని తిరిగేది. "నీకు జుట్టు పెడతానే" అని అక్క అన్నప్పుడు ఆమె నమ్మలేదు.

"నాకా? వచ్చేవాళ్ళకి పెట్టుకునేది నాకెందుకక్కా, దండగ."

"నా చెల్లెలికి పెడితే దండగేంటే."

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతిని మేడం వెనక్కి లాక్కోలేదు. ఆమె లెక్క ఆమెకుంది. ఈ పిల్లకి ఏమైనా అయితే అడగడానికి వచ్చేవాళ్ళు లేరు. ఉన్న ఒక్క అక్కా తానే.

ఆ యువతి పేరు గొణుక్కుంటూ, ఆమె జుట్టులో మిగిలినదంతా ఒక్క వరసగా కుట్టింది. ఒక్క వరస... అంతే! తెల్లారేసరికి చెల్లెలు గోడకేసి తిరిగి కూర్చుని, ఎప్పుడూ వినని సన్నటి గొంతుతో "చలి... చలి..." అంటోంది. బుగ్గలు పీక్కుపోయాయి. కళ్ళు లోతుకి దిగాయి. అద్దంలో మేడం కళ్ళ కింది ముడతలు, ఇస్త్రీ చేసినట్టు మాయమయ్యాయి.

ఆమె మెట్లు దిగి రిసెప్షన్ అమ్మాయితో చెప్పింది. "బోర్డు రాయించు. జుట్టు చేర్చబడును. కుట్టు పద్ధతి ఒక్కటే."

"అదేంటి మేడం, అందరూ క్లిప్పులే అడుగుతున్నారు. తేలిక కూడానూ."

"కుట్టు చాలాకాలం ఉంటుందని చెప్పు."

"నొప్పెడుతుందట కదండీ?"

"నీకేమైనా నొప్పెడుతోందా?"

ఆ పిల్ల బోర్డు రాయించడానికి వెళ్ళింది. సాయంత్రానికి ఆడవాళ్ళు వరస కట్టారు. అందరికీ ఒకే రోజు రమ్మని చెప్పారు. వాళ్ళకి చూపించడానికి చెల్లెలి తల నిండుగా ఉండాలి. ఒక్క యువతి జుట్టు ఒక్క వరసకే సరిపోయింది. మేడం బీరువా తెరిచింది. జుట్టు వ్యాపారి బస్తాల్లో తెచ్చి పోసిన కట్టలు ఉన్నాయి. ఏ ఊరివో, ఎవరివో. చీటీల మీద పొడవూ రంగూ తప్ప ఏమీ లేదు. దొరికినదల్లా తీసి కలిపేసింది. ప్రేతం ఒక్కటి చాలు, మిగతాది ఒత్తు కోసమే కదా అనుకుంది.

అదిగో, ఆ ఒత్తుజుట్టే ఈ మధ్యాహ్నం, వాళ్ళు వచ్చే వేళకి, చెల్లెలి తల మీద ఆఖరి కుట్టు పడుతోంది. మెట్ల కింద హాల్లో వచ్చినవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

మేడం దారం తెంపింది. దువ్వెనల బండి మీద కపాలాన్ని నిలబెట్టి, దాని నోట్లో నల్లవత్తి వెలిగించింది. గది నిండా శవధూమం లాంటి వాసన అలముకుంది. ఆమె పెదవులు కదిలాయి. ప్రేతాన్ని శాశ్వతంగా కట్టేసే మంత్రం మొదట గుసగుసలా, తర్వాత బుసలా, తర్వాత గర్జనలా లేచింది. చివర్న ఆ యువతి పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది.

ఫెళ్ళున పిడుగు పడింది! కరెంటు పోయింది. స్తంభం మీది గుడ్లగూబ నేల రాలింది.

చెల్లెలి తల వెనక్కి వాలింది. ఆమె నోరు తెరుచుకుంది. వచ్చింది ఒక గొంతు కాదు... వంద గొంతులు!

"పిలిచావు. వచ్చాం."

మేడం ఒక అడుగు వెనక్కి వేసింది. "నేను పిలిచింది ఒక్కదాన్నే."

"మమ్మల్ని కూడా కుట్టావుగా."

"ఎవరు మీరు?"

"ఆకలికి జుట్టమ్ముకున్నదాన్ని" అంది ఒక గొంతు. "నిద్రలో మొగుడు కోసుకుపోయి అమ్మితే, లేచి తల తడుముకున్నదాన్ని" అంది మరొకటి. "జైల్లో నన్ను గొరిగారు." "నన్ను చచ్చాక కోశారు. బిడ్డ ఇంకా పక్కనే ఏడుస్తోంది."

కుట్టిన జుట్టు నల్లటి నీళ్ళలా నేల మీదికి పారడం మొదలెట్టింది. కుర్చీకి కట్టిన కట్లు పటపట తెగాయి. మేడం ఉచ్చాటన మంత్రం అందుకుంది. మధ్యలో ఆగిపోయింది. ప్రేతాన్ని తోలాలంటే దాని పేరు కావాలి!

"ఆగావేం? పేరు పెట్టి పొమ్మను. పోతాం."

ఆమె కట్టల నుంచి ఊడి నేల మీద పడ్డ చీటీలు వెతుక్కుంది. "ఇరవై అంగుళాలు... నలుపు..." అని చదివింది. "పద్దెనిమిది... ముదురు గోధుమ..."

వందమంది ఆడవాళ్ళు ఒకేసారి నవ్వారు. ఆ నవ్వుకి కపాలం నడినెత్తి మీద నెర్రె విచ్చి, రెండు చెక్కలై కింద పడింది.

జుట్టు ఆమె చీలమండలు చుట్టింది. నడుము చుట్టింది. లాక్కుపోయి రెండో కుర్చీలో కూలేసింది. చెల్లెలి నోటి నుంచి, రిసెప్షన్ అమ్మాయి పలకరించినంత మర్యాదగా, ప్రశ్న వచ్చింది.

"మీకు ఏ పద్ధతి కావాలి మేడం? క్లిప్పులా?"

క్లిప్పులు ఎగిరొచ్చి ఆమె కనురెప్పల్ని పట్టుకుని విప్పదీశాయి. ఇక ఆమె కళ్ళు మూసుకోలేదు.

"జిగురు?"

వేడి ఇనుము ప్లగ్గు లేకుండానే ఎర్రబడి చెవి పక్కగా వచ్చింది. ఆమె అరుపు ఉరుములో కలిసిపోయింది.

"వద్దా? మీ బోర్డు మీద ఉన్నదే చేద్దాం లెండి."

వంకర సూది గాల్లోకి లేచింది. జడలల్లలేదు. నేరుగా చర్మంలోకే దిగింది. ఒక్కో కుట్టుకీ ఆమె దొంగిలించిన వయసు తిరిగొచ్చింది. బుగ్గలు జారాయి. మెడ వేలాడింది. పళ్ళు వదులై ఒళ్ళో రాలాయి. సొంత జుట్టు తెల్లబడి, గుత్తులు గుత్తులుగా ఊడిపోయింది. విప్పారిన కళ్ళతో అద్దంలో అదంతా ఆమె చూడాల్సి వచ్చింది.

హఠాత్తుగా సూది ఆగింది.

"మేము ఈ పిల్ల తల మీద ఉన్నాం" అన్నాయి గొంతులు. "ఈమె కుట్లు కోసేసుకుంటే పోతాం. నువ్వు బతుకుతావు. ఈమె ఇష్టం."

చెల్లెలి మొహం సడలింది. కళ్ళలోకి తన చూపు తనకి తిరిగొచ్చింది. చూస్తే ఒళ్ళో కత్తెర ఉంది. చేతులకి కట్లు లేవు.

"చెల్లీ... కొయ్యవే... నీ అక్కనే."

చెల్లెలు కత్తెర తీసుకుంది. ఒక కుట్టు దాకా తీసుకెళ్ళింది కూడా. ఎంతైనా తోడబుట్టింది.

"తొందరగా కొయ్యవే" అంది మేడం, ఊడగా మిగిలిన పళ్ళ మధ్య నుంచి. "ఇంకెప్పుడూ నిన్ను ముట్టుకోను. ఒట్టు. కింద బోలెడంతమంది ఉన్నారుగా."

కింద ఎవరో నవ్వారు. ఇంకెవరో తన వంతు ఎప్పుడని అడుగుతున్నారు.

చెల్లెలు కత్తెర దించింది. సొరుగు లాగి, అందులో పెట్టి, మూసింది. తర్వాత కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

వెనక సూది మళ్ళీ మొదలైంది. చాలాసేపు పట్టింది...

వాన వెలిశాక రిసెప్షన్ అమ్మాయి పైకొచ్చి తలుపు తట్టింది. చెల్లెలు గడియ తీసింది. ఆమె తల మీది కుట్లన్నీ వాటంతటవే విడిపోయి, జుట్టంతా చచ్చిన పాములా నేల మీద పడి ఉంది. తలకి గుడ్డ చుట్టుకోలేదు. రెండో కుర్చీలో ఎముకల గూడులాంటి ఒక ముసలిది బిగుసుకుపోయి ఉంది. తల మీద కురులు లేవు. కుట్లు మాత్రమే ఉన్నాయి.

ఆ పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరండీ ఈ ముసలావిడ? పేరేంటి?"

"తెలియదు" అంది చెల్లెలు.