ముప్పై ఏడో ప్లేటు

శనివారం పొద్దున ఎనిమిదింటికి ముప్పై ఆరు హత్యలు బయటపడ్డాయి.

చచ్చిపోయింది మనుషులు కాదు. యూనివర్సిటీ మైక్రోబయాలజీ ల్యాబ్ ఫ్రిజ్‌లో, ముప్పై ఆరు గాజు ప్లేట్లలో దాచిన బ్యాక్టీరియా. ఎవరో ఒక్కో మూతా తీసి, ఫినాయిల్ పోసి, మళ్లీ బుద్ధిగా మూతపెట్టి వెళ్లారు.

"ముప్పై ఏడోది ఇంక్యుబేటర్‌లో ఉండి బతికింది," అన్నాడు చీఫ్ వామన్‌రావు. అబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల షాపు పైన, గూఢచారి శాఖ వాళ్ల బోర్డు లేని గది అది. ఎదురుగా ఏజెంట్ హెర్బర్ట్. మూడు నెలలుగా ఆ ల్యాబ్‌లోనే ముదురు స్టూడెంట్ వేషంలో ఉన్నాడు. పదిహేనేళ్ల క్రితం ఎమ్మెస్సీ ఫస్టియర్‌లోనే చదువు మానేసి ఈ ఉద్యోగంలో చేరిన మనిషి. ఆ దిగులు ఇంకా పోలేదు.

"శ్రీవిద్య అనే స్కాలర్ ఆరేళ్లు కష్టపడి కనిపెట్టిన బ్యాక్టీరియా. మందులకు లొంగని టీబీని చంపుతుంది. ఒక విదేశీ ముఠా దాన్ని కొట్టేసి పేటెంట్ చేయించుకోవాలని చూస్తోంది. ఇక్కడ ఒక్కటీ మిగలకూడదని మిగతావి చంపేశారు. ముఠాలో మన ఏజెంట్ కేథరిన్ దొంగవేషంలో ఉంది. రేపు నీ దగ్గర ప్లేటు తీసుకుని నాంపల్లి స్టేషన్‌లో వాళ్ల మనిషికి ఇస్తుంది. వాణ్ణి పట్టుకోవాలి."

"నకిలీ ప్లేటు పెడదాం సార్."

"రెండూ ఉండాలి. ముందు అసలుది చూపించి, చివర్లో నకిలీది ఇస్తుందట. కేథరిన్ చెప్పింది."

కేథరిన్ చెబితే వామన్‌రావుకు వేదవాక్కు. ఆమె బయోడేటాలో మైక్రోబయాలజీ గోల్డ్ మెడల్ ఉంది. ఆమె నవ్వులో అంతకంటే ఎక్కువే ఉంది.

తనెవరో హెర్బర్ట్ ఆ మధ్యాహ్నం శ్రీవిద్యకు చెప్పేశాడు. ఆమె ప్లేటును రెండు చేతులతో అందించింది.

"అఫ్జల్‌గంజ్ కాడ మూసీ బురదల దొరికిందన్నా గిది. ఆరేండ్ల చదువు మొత్తం గిండ్లనే ఉంది. వారానికొకసారి కొత్త ప్లేటులకు మార్చకపోతే ఎండి చస్తది. రేపటికి గాని మంచిగ పెరగది, రేపే మార్చే దినం. వాపస్ తెస్తవా?"

"రేపు సాయంత్రం అయిదింటికి నీ చేతిలో పెడతా."

గూఢచారి ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఇచ్చాడు.

కాసేపటికి కేథరిన్ వచ్చింది. పెరుగు బ్యాక్టీరియాతో నకిలీ ప్లేటు తయారుచేసి తెచ్చింది. మార్కర్ తీసి అసలు ప్లేటు మూత మీద 'ఎ' అని, నకిలీ దాని మూత మీద 'బి' అని రాసి, సెంటు వాసన వదిలి వెళ్లిపోయింది.

హెర్బర్ట్ ఆ రెండు మూతలకేసి మళ్లీ చూశాడు. ఈ చదువులో మొదటి రోజు మొదటి పాఠం: పేరు ప్లేటు అడుగున రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. శ్రీవిద్య తన పేరు అడుగునే రాసుకుంది. గోల్డ్ మెడలిస్టుకు ఈ సంగతి తెలియదా?

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "మూత చూసి మనిషిని అనుమానిస్తావా?" అని చీఫ్ పగలబడి నవ్వాడు. హెర్బర్ట్ ఫోన్ పెట్టేసి, రెండు మూతలూ అటుదిటు, ఇటుదటు మార్చాడు.

ఆదివారం. అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. హెర్బర్ట్ టోపీ పెట్టుకుని ఒక కుప్ప వెనక కూర్చున్నాడు.

"ఎనభై రెండు ఎడిషన్ ఉందా?" అంది కేథరిన్.

"ఉంది. చెదలు కొట్టింది, పర్లేదా?"

కోడ్ సరిపోయింది. లోపల తొలిచిన లావుపాటి పుస్తకం తెరిచి, 'ఎ' మూత ఉన్న ప్లేటును ఆమె చటుక్కున తీసుకుంది. హ్యాండ్‌బ్యాగ్ సందులోంచి పిస్టల్ మెరిసింది.

"కదలకు హెర్బర్ట్."

ఆమె ఆటో ఎక్కింది. 'బి' మూత కింద ఉన్న అసలు ప్లేటు సంచీలో వేసుకుని హెర్బర్ట్ ఇంకో ఆటోలో దూకాడు. "నాంపల్లి స్టేషన్! జర జల్దీ!"

వెళ్లేసరికి రైలు కదులుతోంది. కిటికీలోంచి ఒక తెల్లవాడు ఐస్ ఫ్లాస్క్ చాపాడు. కేథరిన్ అందులో ప్లేటు పెట్టబోయింది. ఇంకో అడుగు ఉందనగా హెర్బర్ట్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద కాపు కాసిన వామన్‌రావు మనుషులు తెల్లవాణ్ణి కిందికి లాగారు.

"ఎక్కడ తప్పు చేశాను?" అంది కేథరిన్, బేడీలు వేస్తుంటే.

"మూత మీద రాశారు."

సాయంత్రం అయిదు. గూఢచారి శాఖలో సాక్ష్యాలు దాచే స్టోర్ రూమ్. శ్రీవిద్య కొత్త ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపల క్లర్క్ రాజనర్సు, హెర్బర్ట్ తెచ్చిన అసలుది కూడా సాక్ష్యమేనని, రెండు ప్లేట్లకూ లక్క సీలు వేసేశాడు.

"రెండు నిమిషాలు సార్. తీగతోని ఇంత బ్యాక్టీరియా తీసి ఇండ్ల వేసుకుంట."

"సీల్ పడ్డదమ్మా. కోర్టు ఆర్డర్ తేవాలె."

హెర్బర్ట్ చీఫ్ కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "ఎవిడెన్స్ ముట్టుకుంటే కేసు పోతుంది," అన్నాడు వామన్‌రావు. కేథరిన్‌ను నమ్మినవాడికి కేసు గెలవడం చాలా అవసరం.

ఆర్డర్ ఇరవై మూడు రోజులకు వచ్చింది. మే నెల. స్టోర్ రూమ్‌లో ఫ్యాన్ కూడా లేదు. సీలు విప్పితే అసలు ప్లేటులో ఎండి పగిలిన పొర ఉంది. శ్రీవిద్య తీగతో గీకి కొత్త ప్లేటులో వేసి చూసింది. వారం ఎదురుచూసింది. ఏమీ మొలవలేదు. పాత ప్లేటు తిప్పితే అడుగున ఆమె పేరు అలాగే ఉంది. కోర్టు ఎగ్జిబిట్ నంబరు మాత్రం రాజనర్సు మూత మీద వేశాడు.

"వాండ్లు చంపిన్రంటే దుష్మన్‌లు. మీరెవరన్నా?"

హెర్బర్ట్ సిగ్గుతో తల దించుకున్నాడు.

మిషన్ సక్సెస్ రిపోర్టు సంతకానికి వచ్చింది. 'ప్రాణనష్టం' అన్న గడిలో హెర్బర్ట్ 'ముప్పై ఏడు' అని రాశాడు.

వామన్‌రావు దాని మీద వైట్‌నర్ పూసి, ఆరేదాకా ఓపిగ్గా ఊది, 'లేదు' అని టైపు చేయించాడు.