పరాంకుశం పసుపు దీపం

ఇదివరకు చుట్టాలింటికి భోజనానికెళ్తే కాళ్లు కడుక్కుంటే సరిపోయేది. ఇప్పుడు గుమ్మంలోనే మణికట్టు కూడా చూపించాలి. పరాంకుశం ఆ విసుగుతోనే సీతమ్మధారలో వదినగారి గుమ్మం ముందు చెయ్యి చాచాడు. మణికట్టు మీది పొట్టదీపం పసుపుగా వెలుగుతోంది.

"వస్తూనే పసుపేనా మరిదిగారూ!" అంది కామాక్షి. "మా ఆయనక్కూడా పొద్దుట్నుంచీ అదే రంగు. రండి, వడ్డించేశాను."

ఊళ్లో అందరి పొట్టలోనూ ఒక కడుపుగింజ ఉంటుంది. ఆవగింజంత యంత్రం. మింగితే కడుపు గోడకి అతుక్కుని, అక్కడి కణజాలంలో ఒక ఎంజైము ఎంత తయారవుతోందో కనిపెట్టి చూస్తుంటుంది. కణాలు దారి తప్పితే ఆ ఎంజైము పెరుగుతుంది. మణికట్టు మీది ఆకుపచ్చ దీపం పసుపు రంగుకి మారుతుంది. వెంటనే చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించుకోమని అర్థం. క్యాన్సర్‌ని మొలకలోనే పట్టేయాలని శాస్త్రజ్ఞులు ఎంతో కష్టపడి కనిపెట్టారు. కొసరి కొసరి వడ్డించే వదినగార్లని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

"ఇంకొక్కటి" అన్న మాటని ఆపగలిగేది పసుపు దీపం ఒక్కటేనని జనం త్వరగానే గ్రహించారు. దీపం మీద పసుపు చాక్లెట్ కాగితం అంటించడం ఇంటింటి విద్య అయింది. పరాంకుశం అందులో ఆరితేరాడు. ఏ పెళ్లికెళ్లినా జేబులో కాగితం ఉండాల్సిందే.

ఇవాళ అంటించలేదు. పొద్దున పళ్లు తోముకుంటుండగా దానంతటదే మారింది.

హడలిపోయి ఆస్పత్రికి పరిగెత్తాడు. దీపం గీకి చూపించాడు కూడా.

"ఇప్పుడు గాజు కిందే రంగేయించుకుంటున్నారండీ," అంది నర్సు నిర్వికారంగా. "మీ ఇంట్లోవాళ్లొచ్చి నిజమని చెబితేనే ముక్క తీస్తాం."

భార్య హైమవతి పొద్దున్నే అక్కకి వంటసాయానికి వచ్చేసింది. అందుకే ఇక్కడికి రావాల్సి వచ్చింది.

"హైమా, ఇది నిజం పసుపే," అన్నాడు కంచం ముందు కూర్చుని, గొంతు తగ్గించి. "ఆస్పత్రికి రా, నీకు దణ్ణం పెడతాను."

"ఊరుకోండి! మా అక్కయ్య వంట ముందు మీ దీపం ఎప్పుడు ఆకుపచ్చగా వెలిగింది గనక?"

అతను బొబ్బట్టు పక్కకి నెట్టాడు.

"చూశారా, నాటకం," అంది హైమవతి.

సరేనని తిన్నాడు.

"చూశారా, కడుపు నిక్షేపంలా ఉంది," అంది.

పరాంకుశం కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి హైమవతి అతని చెయ్యి బల్ల కిందికి లాక్కుని గోటితో దీపం గీకింది. ఏమీ ఊడలేదు. మళ్లీ గీకింది. ఆమె మొహంలో నవ్వు ఆగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఏం జిగురండీ ఇది?" అంది మెల్లగా. "మీ అమ్మగారింట్లో నా కాగితం ఊరికే ఊడిపోతుంటుంది."

అయ్యా, అమ్మా, చదువుతున్నవాళ్లలో ఎవరైనా దారి చెప్పండి. తింటే జబ్బు లేదంటారు, తినకపోతే నాటకమంటారు. ఈ మనిషి ఏం చేస్తే నమ్ముతారు? కాస్త త్వరగా చెప్పి పుణ్యం కట్టుకోండి. సాయంత్రానికి ఆస్పత్రి మూసేస్తారు. కామాక్షి వదిన నేతిగిన్నెతో ఇటే వస్తోంది.