ఎడమ అంచు

ఎడమ అంచు వదులు చేసేది కోడలే. సుంకప్పకు అందులో సందేహం లేదు. అంతకు ముందు ముప్పై ఏళ్లు ఆ అంచును వదులు చేసింది భార్య ఉరుకుందమ్మ. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె చోట్లోకి కోడలు సోమక్క వచ్చింది. తప్పు మాత్రం అక్కడే ఉంది.

కర్నూలుకు ఒక పూట దూరంలో, గూడూరులో వాళ్లది నేత ఇల్లు. చీర వెడల్పు ఒక మనిషి చేతులకు అందదు. అందుకే మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. సుంకప్ప నూలు కండె ఉన్న నాడె విసిరితే ఎడమ పక్కనున్న మనిషి అందుకుని తిరిగి విసరాలి. పోగు పడ్డాక పలకతో దెబ్బ కొట్టి నేత బిగించేది మాత్రం సుంకప్పే.

ఆ పొద్దున సోమక్క కళ్లాపి చల్లి, సంకటి కెలికి, చేతులు కడుక్కుని గుంటలోకి దిగింది. నాడె నాలుగుసార్లు కూడా ఆడలేదు.

"అది చెయ్యా, సంకటి తెడ్డా?" అన్నాడు సుంకప్ప. "మీ అత్తా అంతే. ఆమెకాడ ఇదొకటే నేర్చుకుంటివి."

సోమక్క నాడె అందుకుని తిరిగి విసిరింది. గడపలో నిలబడి వింటున్న కొడుకు మద్దిలేటి, గోనెపట్టలో చుట్టిన కొయ్య సామాను ఒకటి తెచ్చి తండ్రి ముందు దించాడు.

"ఏందిరా ఇది?"

"తాడు మగ్గం సామాను. కర్నూల్లో అందరూ దీంతోనే నేస్తాండారు. నడుమ తాడు లాగితే నాడె దానంతటదే ఉరుకుతాది. ఒక్క మనిషి చాలు."

"నాకేంటికి?"

"నువ్వు ఒక్కనివే ఉంటావు గనక." మద్దిలేటి గోనెపట్ట మడిచాడు. "నాకు కర్నూల్లో పని కుదిరింది నాయనా. ఈ చీర కోసినాక మేం పోతాండాం. నీ నోటి కింద సోమక్క రెండేండ్లు నలిగింది. ఇంక చాలు."

సుంకప్ప కోడలి వైపు చూశాడు. ఆమె అప్పటికే గుంటలోంచి లేచి పైకొచ్చింది.

"పోండి," అన్నాడు. "మనిషికి బదులు తాడు తెచ్చినావు. మంచిదే. తాడు అంచు చెడగొట్టదు. ఎవురి చెయ్యి వంకరో ఊరికంతా తెలుస్తాది."

కొత్త పలకను పాత గుంట మీదే బిగించారు. తాడు లాగడం సుంకప్పకు ఒక్క పూటలో పట్టుబడింది. మనసు మాత్రం నిలవలేదు. నాలుగు వేళ్ల మేర నేసి లేచేవాడు. వాకిట్లోకి పోయి ఎండను చూసి, నీళ్లు తాగి, మళ్లీ దిగేవాడు. నాడె టకటకా తనంతట తాను తిరుగుతుంటే తిట్టడానికి ఎవరూ లేరు. ఒకసారి "పట్టుకో" అని పక్కకు తిరిగాడు కూడా. వంటింట్లో గిన్నెలు మూట కడుతున్న చప్పుడు వినిపించింది. తాడు ఇంకా గట్టిగా లాగాడు.

చీర కోసిన రోజు బట్టల వ్యాపారి మౌలా సాహెబ్ వచ్చాడు. ఏళ్లుగా ఆ ఇంటి నేత కొనేది ఆయనే. చీరను వెలుతురుకు పట్టి, అంచులు వేళ్లతో లాగి చూశాడు.

"ఏమప్పా సుంకప్పా, మగ్గం మారింది గానీ మీ ఇంటి మచ్చ మారలేదే! ఎడమ అంచు మళ్లా వదులే."

సుంకప్ప చీర లాక్కున్నాడు. చూశాడు. నిజమే, తాడుతో నేసిన మేర కూడా అంతే.

"ఎవురు ముట్టినారు దీన్ని?" అని అరిచాడు. "సోమక్కా!"

"ఆమె ఆ గుంట తొక్కి ఎన్నాళ్లయింది నాయనా?" అన్నాడు మద్దిలేటి. "ఇప్పుడు ఎవుర్ని తిడతావో తిట్టు."

"ఈ కొయ్యే దొంగ కొయ్య. చూపిస్తా ఉండు." సుంకప్ప విసురుగా గుంటలోకి దిగి కూర్చున్నాడు. మగ్గం మీద తర్వాతి చీర నూలు ఇంకా ఉంది. తాడు లాగాడు. దెబ్బ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

మౌలా సాహెబ్ వంగి చూసి నవ్వాడు. "అరె, నడుమ కూచోవేందప్పా? అంత కుడికి జరిగి కొడితే దెబ్బ ఎడమకు యాడ అందుతాది? ఆ పక్కన జాగా ఎవురికి ఇడిసినావు?"

సుంకప్ప చెయ్యి పలక మీదే ఆగింది. తన ఎడమ పక్కకు చూశాడు. ఒక మనిషి కూర్చునేంత చోటు. మట్టి నున్నగా అరిగి ఉంది.

మౌలా సాహెబ్ నవ్వు ఆపేశాడు. చీర మడిచి, "మళ్లా వస్తాలే," అని వెళ్లిపోయాడు.

వంటింట్లోంచి సోమక్క గుంట దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అత్తకు తెలుసు మామా," అంది మెల్లగా. "నాకు పని నేర్పేటప్పుడే చెప్పింది. 'పెండ్లయిన కొత్తలో నాకు ఇరుకైతాదని జరిగి కూచున్నాడు. అప్పటినించి అంతే. దెబ్బ ఈ పక్కకు పడదు. చెప్తే అంచు కోసం నడుమకు వస్తాడు. నా కోసం రాడు. తిట్లు పడితే పడనీ, చెప్పొద్దు' అనింది. అందుకే నేనూ చెప్పలే."

సుంకప్ప పలక మీద తల ఆనించాడు. ముప్పై ఏళ్లు తిట్టిన తిట్లన్నీ తన చెవుల్లోనే పడుతున్నట్టుంది. ఒక్కసారి, ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పి ఉండకూడదా అని ఉరుకుందమ్మ మీద కోపం వచ్చింది. ఆ కోపమూ నిలవలేదు. కన్నీళ్లు కొత్త కొయ్య మీద పడ్డాయి. మద్దిలేటి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. సుంకప్ప తోసెయ్యలేదు.

కొంతసేపటికి ముఖం తుడుచుకుని నడుమకు జరిగాడు. జరగడానికి ఎంతో సేపు పట్టింది.

"మూటలు ఇప్పు," అన్నాడు కోడలితో. "పోగు తెగితే చూసేదానికి మనిషి కావల్ల. పైన కూచోని చూడు. ఈ కండ్లకు ఆనడంలే."

సోమక్క కొంగుతో కళ్లు ఒత్తుకుని, కండెల గంప తెచ్చుకుని గుంట గట్టున కూర్చుంది. మద్దిలేటి వంటింట్లోకి పోయి మూటల ముళ్లు విప్పాడు. తిరిగి వచ్చి, "నాయనా, అమ్మ దాచిన ఆ మాట..." అని మొదలుపెట్టాడు.

"రేయ్." సుంకప్ప తల తిప్పలేదు. "ఈ ఇంట్లో ఆ మాట మళ్లా ఎత్తొద్దు. ఎవురూ ఎత్తొద్దు. నేను సచ్చేదాకా ఎత్తను."

ఎత్తలేదు.